ఎగువూరి రాళ్ళు

తొంభై ఏడులో మా హుకుంపేట కొండల్లో సర్వే క్యాంపు వేశారు. డ్రిల్లింగ్ మిషన్ నేల తొలిచి లాగిన రాతి కడ్డీలు మోయడానికి నన్ను పెట్టుకున్నారు. నా పేరు యోనా. నా నోరు తిన్నగా ఉంటే ఈ కథే లేదు.

క్యాంపుకి పెద్ద క్యాథరిన్ మేడం. మంచి మనిషి, అదే నా ఖర్మ. చెడ్డదై ఉంటే నేను నోరు విప్పేవాణ్ణి కాదు. మా ఊట పక్కనున్న రాళ్ళ కుప్ప మీద పచ్చ మరకలు చూసి ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ పచ్చదనం రాగిదట.

"రాగి రాయిలోకెలా వొస్తాది మేడం?" అని అడిగాను.

"భూమి అడుగున కరిగిన రాయి ఉంటుంది యోనా, మాగ్మా అంటాం. దాని వేడికి నీళ్ళు సలసలా కాగుతాయి. కొంత రాగి ఆ మాగ్మా నుంచీ, కొంత దారిలోని రాళ్ళ నుంచీ కరిగించుకుని పగుళ్ళ వెంట పైకొస్తాయి. చల్లారిన చోట రాగి రాతికి పట్టేస్తుంది. కోట్ల ఏళ్ళ కిందటి మాట. ఆ పగులు దొరికితే చాలు."

రెండు చోట్ల మిషన్ దించారు. రాగి లేదు. మూడోది సరిగ్గా ఊట పుట్టే చోటే వేస్తామన్నారు.

"అక్కడేస్తే మా ఊట ఏటవుద్ది?"

ఆవిడ అబద్ధమాడలేదు. "పోవచ్చు. ఆ నీళ్ళూ పగులు వెంటే వస్తున్నాయి. వేరే దారి పట్టొచ్చు."

ముప్పై ఇళ్ళకి ఆ ఊటొక్కటే. మా పూజారి గాసి మిషన్ ముందు సాష్టాంగపడ్డాడు. లేపి పక్కన కూర్చోబెట్టి, మళ్ళీ పని మొదలెట్టారు.

అప్పుడు చెప్పేశాను. ఆ రాళ్ళు మా కొండవి కావు. మా ఊరికి వచ్చే ప్రతి కోడలూ పుట్టినూరి కొండ నుంచి ఒక రాయి తెచ్చి ఊట పక్కన పెడుతుంది. పెట్టాకే ఆ నీళ్ళు ముడుతుంది. ఏ రాయి ఎక్కడిదో బయటివాళ్ళకి చెప్పకూడదు. బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి, రాళ్ళ సంగతి చెబితే నాకేం పోతుందనుకున్నాను. పచ్చ మరకలవన్నీ పై కొండ మీదున్న ఎగువూరి ఆడపిల్లలు తెచ్చినవే. అందులో ఒకటి నా భార్య యర్రమ్మది.

"ఇయి ఎగువూరి కొండయి మేడం" అన్నాను. దారి కూడా వేలు పెట్టి చూపించాను.

మిషన్ ఊట దగ్గర్నుంచి కదిలింది. మా వాళ్ళు నన్ను భుజాలకెత్తుకున్నంత పని చేశారు. యర్రమ్మ మాత్రం బిందె దించి, "ఎటు తీసికెల్తన్నారు?" అని అడిగింది. ఏం చెప్పానో దాచకుండా చెప్పాను. తిడుతుందనుకున్నాను. "అక్కడ మా అమ్మ ఉంది" అంది, అంతే. ఆ పూటే పుట్టింటికి నడిచి వెళ్ళిపోయింది.

ఎగువూరిలో మొదటి గుంతలోనే రాగి పడింది. "మనం వెతికిన పగులు ఇదే, చాలా లోతు. నీవల్లే యోనా!" అంది కింద క్యాంపుకి దిగొచ్చిన మేడం. గని పెడితే ఊరు లేచిపోవాలా అని అడిగాను. అది తన చేతిలో లేదని చెప్పి, రాతి కడ్డీ మీద నీళ్ళు పోసి చూసుకుంది.

సిగ్గుతో చచ్చిపోతూనే యర్రమ్మ కోసం ఎగువూరు ఎక్కాను. ఊరంతా మిషన్ చుట్టూ నేల మీద కూర్చుని ఉంది. రెండు రోజులుగా ఎవరూ పొయ్యి వెలిగించలేదట. మా అత్త చిన్నమ్మలు లేచి ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"వొచ్చావా అల్లుడా! మేడంతో నీకు మాటుంది గదా. నువ్ సెప్తే ఇంటాది. ఈ రాయి మా కొండది కాదని సెప్పు బాబూ. ఏదో ఓటి సెప్పి బేగి పంపించీ."

ఆమె వెనకే యర్రమ్మ నిలబడి ఉంది. తల్లికి చెప్పలేదన్నమాట. నా వంక ఒకసారి చూసి తల తిప్పుకుంది.

"సెప్తానత్తా" అన్నాను.

మా అత్త ఊరివైపు తిరిగి, "మా అల్లుడు సెప్తాడంట! లెగండి, పొయ్యిలెలిగించండి" అని కేకేసింది.