సున్నా కంటే ముందు

ఏడో నంబరు బస్సు డ్రైవరుకు అరవై రెండు దాటాయి. ఏటా ఒకసారి డిపోలో అతని కాలికి పరీక్ష. గోడ మీద ఎర్రబల్బు వెలగగానే బ్రేకు తొక్కాలి, అంతే. ముప్పాతిక సెకనులోపు తొక్కితే ఇంకో ఏడాది బండి, లేకపోతే ఇల్లు. ఇల్లంటే అతనికి హడల్. పగటిపూట ఇంట్లో మనుషులు ఏం చేస్తారో అతనికి తెలియదు పాపం.

అందుకని నెలరోజులుగా సాధన మొదలుపెట్టాడు. భార్య గరిటె వదలాలి, అతను గాల్లోనే పట్టుకోవాలి. గరిటె నేలన పడి, రెండు పల్టీలు కొట్టి, చప్పుడంతా సద్దుమణిగాక అతని గుప్పిట మూసుకునేది. పట్టానా అని ఆశగా అడిగేవాడు. ఆవిడ గరిటె కడిగి మళ్లీ వదిలేది. చివరి వారం జాలేసి చేతిరుమాలు వదిలింది. అదీ చిక్కలేదు.

పరీక్ష రోజు రానే వచ్చింది. పరీక్ష యంత్రంలో తిరిగే కాగితం మీద, బ్రేకు తొక్కగానే బ్రేకు గీత దానంతటదే పడుతుంది. బల్బు గీత మాత్రం, వెలుగు చూసి పరీక్షాధికారి మీట నొక్కితేనే పడుతుంది. ఆ అధికారి డ్రైవరు కన్నా పదేళ్లు పెద్ద. డ్రైవర్లను ఇంటికి పంపే ఆ కుర్చీకి మాత్రం ఏ పరీక్షా లేదు, అదేం న్యాయమో!

బల్బు వెలిగింది. డ్రైవరు తీరిగ్గా తొక్కాడు. అధికారి అంతకన్నా తీరిగ్గా నొక్కాడు. కాగితం చూస్తే, బల్బు వెలగడానికి అర సెకను ముందే బ్రేకు పడింది. తన సర్వీసులో ఇలాంటి కాలు చూడలేదని అధికారి నోరు వెళ్లబెట్టాడు. అయితే ఫారంలో సున్నా కంటే తక్కువ రాయడానికి గడి లేదు. కాస్త నిదానించమని బతిమాలాడు.

నిదానించమన్న మాట ఈ మధ్య అతనితో ఎవరూ అనలేదు. డ్రైవరు ఛాతీ ఉబ్బింది. రెండోసారి మరీ నిదానించాడు, పనికిరాలేదు. ఐదోసారి మర్యాదకు ఒకరి కోసం ఒకరు ఆగారు. బల్బు వేడెక్కి వాసనొచ్చింది. ఏడోసారి బల్బు గీత ముందు, సరిగ్గా అర సెకను ఎడంతో బ్రేకు గీత తర్వాత పడ్డాయి. అధికారి సంతకం చేశాడు.

"ఇంతకీ మీది ఏ బండి?" అని అడిగాడు కాగితం అందిస్తూ.

"ఏడో నంబరండి."

"మా మనవరాలు బడికి అందులోనే వెళ్తుంది." అధికారి కళ్లజోడు తుడుచుకున్నాడు. "రేపట్నుంచి నడిచి వెళ్లమంటాలెండి."

డ్రైవరు థాంక్సు చెప్పి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఈలవేస్తూ బయల్దేరాడు. ఆ మాట అతనికి డిపో గేటు దగ్గర తగిలింది.

కాళ్లు ఆగిపోయాయి. సంతకం పెట్టిన మనిషికే ఆ సంతకం మీద నమ్మకం లేదన్నమాట. మరి ఆ బస్సులో మిగతా పిల్లలకు తాతలు లేరా? ముందు ఒళ్లు మండింది. తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత భయమేసింది, అది ఇంటి భయం కాదు.

వెనక్కి వెళ్లి కాగితాన్ని అధికారి బల్ల మీద పెట్టాడు.

"పాపని బస్సులోనే పంపండి" అన్నాడు.