ఎవరిదీ కాని బాతు

రెక్కలకు రివెట్లు కొట్టే ఆమెను, యంత్రాలు కట్టే ఆ షెడ్డులో అందరూ రివెట్లమ్మ అనేవారు. ఆమె మొగుడు పైలట్. సరస్సు మీద, నీళ్ళకు మనిషెత్తున దూసుకుపోయే యంత్రాన్ని నడపడం అతని పని. దానికి రెక్కలున్నాయి గానీ ఆకాశంలోకి పోవడానికి కాదు. రెక్కకూ నీటికీ మధ్య నలిగే గాలే దానికి పరుపు. ఆ పరుపు మీద ఉన్నంతసేపు ఓడ మోసే బరువును విమానంలా మోసుకుపోతుంది. పరుపు దాటి ముక్కెత్తిందా, వెల్లకిలా పడుతుంది.

దాన్ని కనిపెట్టిన పెద్దాయన జీవితమంతా దానికే ధారపోశాడు. ఆయన చేసిన మొదటిది నీటిని వదల్లేదు. రెండోది వదిలింది, ఇంజన్లు తుంపర మింగి చచ్చాయి. ఇంజన్లను ఎత్తుకు జరిపి, తోక పొడుగ్గా నిలబెట్టి మూడోది చేశాడు. అది పరిగెత్తే తీరు చూసి షెడ్డువాళ్ళు బాతని పేరు పెట్టారు.

పెద్దాయనకు గాలితో వచ్చిన తిప్పలకన్నా ఆఫీసులతో వచ్చినవే ఎక్కువ. ఓడల ఆఫీసు "రెక్కలున్నాయిగా, విమానాల వాళ్ళని అడుక్కో" అనేది. విమానాల ఆఫీసు "మేడ ఎత్తు కూడా లేవదు, ఇదేం విమానం?" అనేది. ఖర్చన్నప్పుడు బాతు ఎవరిదీ కాదు. పెద్ద తలకాయలు చూడ్డానికి వస్తున్నాయంటే మాత్రం ఇద్దరిదీ!

ఇంట్లో రివెట్లమ్మకూ మొగుడికీ ఒక ఆట ఉండేది. అతను కుర్చీలో కూర్చుని, బాతు ముక్కును ఎత్తి దించే కర్ర అదే అన్నట్టు, మోకాళ్ళ మధ్య చీపురుకర్ర పట్టుకునేవాడు. ఆమె వెనకనుంచి వచ్చి పళ్ళెం మీద గరిటెతో ఠంగున కొట్టేది. అతను ఉలిక్కిపడి కర్రను వెనక్కి లాగేవాడు.

"చచ్చావు! మళ్ళీ ఎత్తావు ముక్కు."

"ఏళ్ళ తరబడి విమానం నడిపిన చేతులే ఇవి. భయమేస్తే వాటంతటవే లాగుతాయి."

"అయితే చేతులిక్కడే పెట్టి పో. భయమేస్తే దించాలి. దించు!"

"పెళ్ళినాడు నీ ముందు దించిన తల ఇంకా ఎత్తలేదు, ఈ కర్రొక లెక్కా?"

చివరికి పళ్ళెం సొట్టలు పోయింది గానీ చేతులు దారికొచ్చాయి.

పెద్ద తలకాయలు వచ్చిన రోజు బాతు ఒక చుట్టు చక్కగా తిరిగింది. రెండో చుట్టులో, ఒడ్డుకు దూరంగా, ఉన్నట్టుండి ముక్కెత్తింది. తోక మీద నిలబడి, వెనక్కి విరుచుకుపడి, మునిగింది. రివెట్లమ్మకు ఏడుపు రాలేదు. "ఎత్తావా? అయ్యో, ఎత్తావా!" అని అరిచింది.

పైలట్ తప్పన్నారు. ఆమె కూడా నమ్మింది. పొయ్యి ముందు కూర్చుని చచ్చినవాణ్ణి తిట్టింది. "ఎన్ని సార్లు చెప్పానయ్యా! పిరికి చేతులు, పాడు చేతులు."

కానీ మనిషి నీళ్ళలోనే ఉన్నాడు. బయటికి తీయమని ఓడల ఆఫీసుకు పోయింది. "ఎగురుతూ పడిందమ్మా, అది విమాన ప్రమాదం" అన్నారు. విమానాల ఆఫీసుకు పోయింది. "నీళ్ళలో మునిగినదాన్ని తీయడం ఓడల వాళ్ళ పని చెల్లెమ్మా" అన్నారు.

"లోపలున్నవాడు పడవా, విమానమా? ఆ ముక్క చెప్పండి!" అని బల్ల గుద్దింది. వాచ్‌మన్ తలుపు తెరిచి నిలబడ్డాడు.

ఆ సాయంత్రం ఇంటికి ఒక చేపలవాడు వచ్చాడు. గడప దాటకుండా నిలబడ్డాడు.

"అమ్మా, ఆ రోజు నా పడవ అడ్డంగా ఉంది. నీళ్ళలోకి పోవద్దని ఎవరూ చెప్పలేదు."

ఎవరు చెబుతారు? ఓడల వాళ్ళు విమానాల వాళ్ళు చెబుతారనుకున్నారు. వీళ్ళు వాళ్ళు చెబుతారనుకున్నారు.

"ఆయన నన్ను చూశాడమ్మా. మొహం కనపడింది. పక్కకు తిప్పే చోటు లేదు. దించితే నా మీదే. అందుకే లేపాడు. నా నెత్తి మీంచి పోయింది."

రివెట్లమ్మ నోరు తెరిచింది. తిట్టు రాలేదు. ఇన్నాళ్ళూ తిట్లతోనే మొగుడితో మాట్లాడుతూ వచ్చింది, ఇప్పుడు అదీ పోయింది.

"మునిగిన చోటు గుర్తుందా?" అంది.

"ఉంది."

తెల్లారి ఇద్దరూ అతని పడవలోనే వెళ్ళారు. చేపలవాడు కొక్కెం కట్టిన తాడు వదిలాడు. తాడు అయిపోయింది. లంగరు తాడు ముడేశాడు, అదీ అయిపోయింది. వల తాళ్ళు విప్పి కలిపాడు. కొక్కేనికి ఏదీ తగల్లేదు.

"ఇక తాడు లేదమ్మా."

"నాకియ్యి" అని ఆమె తాడు కొస చేతికి చుట్టుకుని, పడవ అంచు మీంచి వంగి చెయ్యి భుజం దాకా నీళ్ళలోకి దించింది. "నువ్వు పడవ కదలకుండా చూడు, చాలు."