ముత్యాలప్ప టీవీలో నల్ల పట్టీ

మా పెళ్ళిచూపుల్లో మా అత్త భద్రమ్మ గొప్పగా చెప్పిన మాట ఒక్కటే. "మా ఓబిలేష్ వీడియో గేము ఆఖరు దాకా ముగించినాడప్పా. ధర్మవరంలో ఇంకెవనికీ చేతకాలేదు" అంది. మా నాయనకు వీడియో గేమంటే ఏమిటో తెలియదు. ఏదో పెద్ద చదువనుకుని తలూపాడు. అలా ఖాయమైంది నా బతుకు.

మా తమ్ముడు లక్ష్మీపతికి మాత్రం అప్పట్నుంచీ అనుమానమే. ఎప్పుడొచ్చినా "బావా, నిజంగా ముగించినావా?" అని ఒకటే పీకులాట. ఈయనకేమో ముక్కు మీద కోపం. "పోయి ముత్యాలప్పన్నను అడుగు పో" అని కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. నాకు ఒళ్ళు మండేది. నిజమో అబద్ధమో తేలి చావకూడదా, కట్టుకున్నదాన్ని నేను కదా!

ముత్యాలప్ప అప్పట్లో మా వీధి చివర గేముల కొట్టు నడిపేవాడు. ఉన్నది ఒక్కటే టీవీ. దానికి కుడి పక్క జానెడు మేర నల్ల పట్టీ. ఆటలో గద పట్టుకున్న వీరుడు ఎప్పుడూ కుడివైపుకే నడవాలి, అంటే ఆ చీకట్లోకే. రాక్షసులు అందులోంచే ఊడిపడేవారు. రోజంతా మగ్గం చప్పుడు వినే మావాళ్ళు, ఆట చప్పుడును బట్టే దూకడం, కొట్టడం నేర్చుకున్నారు. మా ఆయన ఆటలో ఆఖరి కోట ఎక్కిన రోజు టీవీలో డోళ్ళు మోగాయట. గెలిచిన బొమ్మకు దిష్టి తగులుతుందని ముత్యాలప్ప వెంటనే టీవీ కట్టేసి, టెంకాయ కొట్టి, ఈయనకు కర్పూరం తిప్పాడట.

2007లో ఆ పాత గేమునే కొత్త గేము మిషన్ కోసం మళ్ళీ విడుదల చేశారు. లక్ష్మీపతి పనిగట్టుకుని బెంగళూరు పోయి మిషన్‌తో సహా దాన్ని మోసుకొచ్చాడు. ఆ రోజు అమావాస్య, మగ్గాలకు సెలవు. వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది.

మా ఇంటి కొత్త టీవీలో బొమ్మ అద్దంలా ఉంది. వీరుడి మీసాలు కనిపిస్తున్నాయి. ఆకాశం నిండా మబ్బులు. మా జిల్లాకు రావాల్సిన మబ్బులన్నీ ఆ గేములోనే పెట్టుకున్నట్టున్నారు. కుడి పక్క కూడా పట్టపగల్లా ఉంది. లోయ, లోయ అడుగున శూలాలు, అన్నీ కనిపిస్తున్నాయి.

మా ఆయన మొదటి లోయలోనే పడ్డాడు. మళ్ళీ ఆడాడు, మళ్ళీ పడ్డాడు.

"ఏమి బావా, వీరునికి కాళ్ళు తిమ్మిరెక్కినాయా?" అన్నాడు లక్ష్మీపతి.

"కిందుండే శూలాలు కనపడతాండాయి కదరా! అప్పుడు తెలీక దూకినా. ఇప్పుడు చూస్తే గుండె జారిపోతాంది."

ముత్యాలప్ప పెద్దమనిషిలా గొంతు సవరించుకున్నాడు. "ఇది డూప్లికేట్ మాలు, లక్ష్మీపతీ. అసలు గేములో చీకటుండాది. కంపెనీవాడే పెట్టినాడు."

"చీకటి కాదు పెద్దాయనా, నీ టీవీ చెడిపోయింది!"

"నా టీవీనా?" అని ముత్యాలప్ప నోరు తెరిచాడు. వీధంతా ఆయన వైపు తిరిగింది. అన్నేళ్ళు ఆడారు కదా, ఒక్కడికైనా తట్టిందా? మహానుభావులు!

మా ఆయన తల దించుకున్నాడు. మా అత్త కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. నాకు తిక్క రేగింది. దండెం మీది తువ్వాలు లాగి, టీవీ కుడి పక్కకు అడ్డంగా పట్టుకుని నిలబడ్డాను.

"ఇంగ ఆడు. ఎట్ల దూకవో నేనూ చూస్తా."

దూకాడు! లోయ దాటాడు, రాక్షసులను చితక్కొట్టాడు, కోట ఎక్కాడు. డోళ్ళు మోగాయి. జనం ఈలలేశారు. ఈయన జాయ్‌స్టిక్ కింద పెట్టి మీసం మీద చెయ్యి వేశాడు. ముత్యాలప్ప టీవీ కట్టేయడానికి లేచాడు.

నేను తువ్వాలు పక్కనుంచి తొంగిచూశాను. దాని వెనక తాటిచెట్టంత రాక్షసుడు గద ఎత్తుతున్నాడు.

అంటే అప్పుడూ వీడు ఇక్కడే ఉన్నాడు. డోళ్ళు మోగింది గెలిచినందుకు కాదు, వీడు వస్తున్నందుకు. మా ఆయన ఆట ముగించనే లేదు. పాపం, ఆ సంగతి ఆయనకూ తెలియదు. నేను నోరు మూసుకుంటే చాలు, ముత్యాలప్ప చెయ్యి అప్పటికే స్విచ్చి దగ్గరుంది.

ఆ చేతి మీద ఒక్కటిచ్చాను. "ఇంగా అయిపోలేదు! ఇంగొకడుండాడు! ఆడు!"

"యాడుండాడే?"

"తువ్వాలెనక! కొట్టేకొస్తాండాడు, ఎగురు! ఇప్పుడు కొట్టు! వంగు! ఈ ఒక్కసారన్నా నా మాట విను!"

విన్నాడు. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. నేను అరుస్తున్నాను, ఆయన కనపడని వాడి మీద గద ఝళిపిస్తున్నాడు. రాక్షసుడు బూడిదయ్యేసరికి నా గొంతు పోయింది.

మా ఆయన నా వంక చూశాడు. "అంటే అప్పుడు..."

"లేదు. ఇప్పుడే ముగించినావు" అన్నాను.

లక్ష్మీపతి చంకలు గుద్దుకున్నాడు. "చూసినావా అక్కా! పెళ్ళిచూపుల్లో చెప్పింది అబద్ధమే!"

"అబద్ధమేరా. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకైనా నిజం చేసినాడు. నీ పెళ్ళిచూపుల్లో నీ గురించి మేం చెప్పినవాట్లో నువ్వు ఒక్కటన్నా నిజం చేసినావా?"

గడపలో నిలబడ్డ వాడి పెళ్ళాం ఈశ్వరి కొంగు బిగించి లోపలికి వచ్చింది.

"అట్ల అడుగు వదినా" అంది.