ఖర్కాయి ఒడ్డు చెక్క

ఆదిత్యపూర్ దాటాక ఖర్కాయి ఏటి ఒడ్డున ఉన్న ఆ సంతాల్ ఊళ్లో తెలుగిల్లు పైడమ్మది ఒక్కటే. ఆమె మామగారు విజయనగరం వైపు నుంచి కార్ఖానా పనికొచ్చినవాడు. చూపు మందగించి పని మానుకున్నాక ఊరికి పోలేక తిరుగుతుంటే, లఖన్ ముర్ము అనే రైతు పిలిచి ఏటి ఒడ్డున తన నేల చెక్కలో కొంత చూపించాడు. "దున్నుకో, తిను" అన్నాడు. అంతే, మాటే. అప్పట్నుంచీ ఆ ఇంటిల్లిపాదీ బెండ, గోంగూర, ముల్లంగి పండించుకునే బతికారు. తొలికాపు ముందుగా లఖన్ గుమ్మంలోకి వెళ్లేది.

ఇప్పుడు లఖన్ లేడు. మనవరాలు చంపా రెండావుల్ని మేపుకుంటూ ఒంటరిగా ఉంటోంది. అపార్ట్‌మెంట్లు ఊరి అంచుకొచ్చేశాయి. ఒకరోజు చెక్క చుట్టూ ఎవరో హద్దు మేకులు దిగ్గొట్టి పోయారు. ఊరిపెద్ద మాఝీ సభ పిలిచాడు.

సభ నాటి పొద్దున్న కొడుకు బలరామ్ తల్లి ఎదురుగా గొంతుక్కూచున్నాడు. కాంట్రాక్టు పని పోయి ఇంట్లోనే ఉంటున్నాడు.

"తాత కాలం నుంచీ మాదే అని ఒక్క మాట సెప్పమ్మా. మిగతాది కొనుక్కునే బిల్డర్ సూసుకుంటాడు."

"మేకులు నువ్వే ఏయించావేట్రా?"

బలరామ్ నేలకేసి చూశాడు. "లఖన్ తాత సచ్చిపోనాడు. ఇంకెవలడుగుతారు?"

"చంపా నేదా?"

"జానే దో, మా, వదిలెయ్యి," అని లేచిపోయాడు.

పైడమ్మ అన్నం గిన్నె మూతపెట్టింది. నిజం చెబితే కొడుకు దూరమవుతాడు. చెప్పకపోతే ఆ పిల్ల నేల పోతుంది. ఎటు తిరిగినా ముల్లే.

మాఝీ వాకిట్లో ఊరంతా కూచుంది. చంపా పైడమ్మవైపు చూడలేదు. "పైడీ మాసీ, ఆ నేల ఎవరిది?" అని మాఝీ హిందీలో అడిగాడు.

పైడమ్మ లేచి నిలబడింది. "లఖన్ దాదాది. మాకు దున్నుకోమని ఇచ్చాడు, అమ్మలేదు," అంది హిందీలోనే.

సభలో ఉన్న బలరామ్ అక్కడ్నుంచే గోవింద్‌పూర్లోని అత్తారింటికి వెళ్లిపోయాడు. సాయంత్రానికి మేకులు పీకేశారు.

చంపా పైడమ్మతోపాటు ఇంటిదాకా నడిచింది. గుమ్మం దగ్గర ఆగింది. "ఈ పంట తీసుకో మాసీ. తర్వాత నేల నేనే దున్నుకుంటాను. నీమీద అనుమానం కాదు. నీ తర్వాత నీ కొడుకుంటాడు కదా."

ముల్లంగి తవ్వాక పైడమ్మ చెక్క వదిలేసింది. ఇప్పుడు టోకు బేరగాళ్ల దగ్గర కూరగాయలు తీసుకుని కద్మా బజార్లో అమ్ముతోంది. బలరామ్ ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతాడు. ఇంటికి మాత్రం రాడు.

చంపా ఆ నేలలో మినుములు చల్లింది. మొలక పలచగా వచ్చింది. అటుగా పోతూ పైడమ్మ గట్టు మీద ఆగింది. "ఇంకాస్త ఒత్తుగా చల్లాల్సింది," అంది, ఉండబట్టలేక.

చంపా వంచిన నడుం ఎత్తకుండానే కలుపు తీసుకుంటోంది. పైడమ్మ బుట్ట సర్దుకుని కద్మా బస్సుకు నడిచింది.