హిందీ ముసలమ్మ చెప్పిన సినిమా

తండ్రీ కొడుకులు ఒకే కటింగ్ షాపులో పక్కపక్క కుర్చీల దగ్గర పనిచేస్తూ మాటలు మానేస్తే, చావు వచ్చేది జుట్టు కత్తిరించుకోడానికి వచ్చినవాడికి. "ఆ సన్న దువ్వెన ఇటిమ్మని చెప్పండి" అంటాడు తండ్రి, వచ్చినవాడి తల వంచి పట్టుకుని. మెడ తిప్పితే చెవి పోతుంది. పాపం అద్దంలోకి చూసి చెబుతాడు. "ఆయన ముందే ఉందని చెప్పండి" అంటాడు కొడుకు. తల ఒకరికి, నోరు ఇద్దరికీ అప్పగించి కూర్చోవాలి. కొందరు గడ్డం పెంచుకోవడం మొదలుపెట్టారు.

వీధిలో తండ్రిని పెద్ద కత్తెర అంటారు. కొడుకు చిన్న కత్తెర. చిన్న కత్తెర పక్క వీధిలో సొంతంగా షాపు తీసుకున్నాడు. అక్కడ జుట్టుకి రంగులు వేస్తాడట. ఫోన్లో బొమ్మ చూపిస్తే ఆ బొమ్మలాగే కత్తిరిస్తాడట.

"బొమ్మకి నెత్తిన సుడి ఉంటుందా? మనిషికి ఉంటుంది. ఎటు కత్తిరిస్తాడో కనుక్కోండి" అని పెద్ద కత్తెర ఎగతాళి చేశాడు. ఎగతాళి ముదిరి మాటా మాటా పెరిగింది. చివరికి, "షాపు వేరైతే పడక కూడా వేరే. అక్కడే పడుకో" అనేశాడు. "సరే" అన్నాడు కొడుకు. అంతే. ఆ రోజు నుంచి ఇద్దరి నోళ్ళకీ తాళాలు.

రేపు పొద్దున్నే చిన్న కత్తెర ప్రయాణం. పక్క వీధికి ప్రయాణమేమిటని నవ్వొచ్చు గానీ వాడి నానమ్మకి నవ్వు రాలేదు. పక్క ఊరు వెళ్ళినవాడు పండగకో పబ్బానికో వస్తాడు. అలిగి పక్క వీధికి వెళ్ళినవాడు రాడు. వాడు సంచి తగిలించుకుని గడప దాటేలోగా తన కొడుకు పెద్ద కత్తెర నోరు విప్పి వాడితో ఒక్క మాట అనాలి. ఆమెకి కావలసింది అంతే. కొడుకుతో చెబితే "వాడే అడగాలి" అన్నాడు. మనవడితో చెబితే "ఆయనే పిలవాలి" అన్నాడు. ఒకే గుడ్డలో చించిన ముక్కలు.

ఇవాళ షాపుకి సెలవు. ఇంట్లో ఉన్నది ఒకటే పెద్ద గది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్ద కత్తెర చాప మీద వాలి పేపరు మొహాన కప్పుకున్నాడు. చిన్న కత్తెర మూల కూర్చుని బట్టలు సర్దుకుంటున్నాడు. కోడలు, చిన్న కత్తెర తల్లి, టీవీ పెట్టింది. ఏదో పాత హిందీ సినిమా.

"అత్తయ్యా, తండ్రీ కొడుకుల కథలా ఉంది. మీరు చెబుతూ ఉండండి, నేను ఏడుస్తూ ఉంటాను" అంది.

నానమ్మ గుండెలో రాయి పడింది.

ఆమెకి హిందీ వచ్చని వీధి వీధంతా నమ్మకం. వయసులో ఉండగా మొగుడితో మిల్లు క్వార్టర్లలో కాపురం చేసింది. పక్కింటావిడ హిందీ ఆవిడ. ఆవిడ దగ్గర నేర్చుకున్నది మూడు ముక్కలు. ఎంత, తగ్గించు, వద్దు పో. తిరిగొచ్చాక ఒకసారి దుప్పట్లమ్మేవాడు గుమ్మంలో కూర్చుని ఎంతకీ కదలకపోతే ఆ మూడు ముక్కలూ వరసగా వాడి మొహాన కొట్టింది. వాడు మూట కట్టుకుని పోయాడు. చూసినవాళ్ళు నోళ్ళు తెరిచారు. అప్పటి నుంచి ఆమె హిందీ ముసలమ్మ. అప్పటికి ముసలిది కాకపోయినా సరే. కాదని చెప్పే అవకాశం రాలేదు. వచ్చినా చెప్పబుద్ధి కాలేదు.

టీవీలో పెద్దమీసాల తండ్రి కర్ర నేలకేసి కొడుతూ అరుస్తున్నాడు. కొడుకు తల దించుకుని నిలబడ్డాడు.

"ఏమంటున్నాడు అత్తయ్యా?"

నానమ్మ గొంతు సవరించుకుంది. "ఎండలో తిరక్కురా అంటున్నాడు."

"ఎండలో తిరగద్దనడానికి అంత అరుపా?"

"వాడి గొంతే అంత. ప్రేమ ఎక్కువైతే గొంతు లేస్తుంది కొందరికి."

పేపరు కింద కదలిక. మూల చొక్కా మడత ఆగింది. నానమ్మకి ధైర్యం వచ్చింది. టీవీలో కొడుకు ఏదో చాలాసేపు మాట్లాడాడు. "నువ్వు నేర్పిన పనేగా నాన్నా, నీ పేరే నిలబెడతాను అంటున్నాడు" అంది. తల్లి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. "వంట అయింది, రండి అంటోంది."

"ఇంత గొడవలోనా?" అంది కోడలు.

"గొడవైతే ఆకలి వెయ్యదా?"

పెద్ద కత్తెర పేపరు తీశాడు. లేచి కూర్చుని గోడకి ఆనుకున్నాడు. చిన్న కత్తెర సంచి వదిలేసి ఇటు తిరిగాడు. ఒకరినొకరు చూసుకోలేదు గానీ ఇద్దరూ టీవీనే చూస్తున్నారు.

సినిమాలో రైల్వే స్టేషను వచ్చింది. కొడుకు పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. తండ్రి దూరం నుంచి చూశాడు, పెదవులు అదిరాయి, ఏదో గొణిగాడు. కోడలు ముక్కు చీదింది.

"ఏమన్నాడు?" ఈసారి అడిగింది పెద్ద కత్తెర.

నానమ్మ ఆలోచించలేదు. "ఇంటికి వచ్చెయ్యరా అన్నాడు."

అన్నదో లేదో రైలు కూత వేసింది. కొడుకు ఎక్కేశాడు. రైలు కదిలింది. తండ్రి వెనక్కి తిరిగి నడిచిపోయాడు.



"అదేంటమ్మా?" అన్నాడు పెద్ద కత్తెర. "రమ్మన్నాడన్నావుగా. మరి వాడు వెళ్ళిపోయాడేం?"

నానమ్మ ఇరుక్కుపోయింది.  "వినపడలేదు కాబోలురా. గట్టిగా అనలేదుగా."

"గట్టిగా అనాలి మరి" అన్నాడు విసుగ్గా. "కనిపించేంత దూరంలోనే ఉన్నాడు. నోరు పెగలదా? అంతలేసి మీసాలు పెట్టుకుని."

అని, ఆగిపోయాడు. తన మాట తనకే తగిలినట్టు గోడ వంక చూశాడు. మీసం మీద చెయ్యి వేసి తీసేశాడు. 

"ఏరా" అన్నాడు పెద్ద కత్తెర.  గొంతు సవరించుకుని, వీధి చివరి దాకా వినపడేంత గట్టిగా, "షాపు అక్కడే పెట్టుకో. పొద్దుపోయాక మాత్రం తాళం వేసి ఇంటికి రా. ఇక్కడే పడుకో" అన్నాడు.

చిన్న కత్తెర కళ్ళు చెమర్చాయి. ఆ కళ్ళతోనే కొంటెగా నానమ్మ వైపు తిరిగాడు. "నానమ్మా, ఏమంటున్నాడు ఈయన? చెప్పు."

"నువ్వు విన్నదే అన్నాడురా" అంది నానమ్మ సంతోషం పట్టలేక. "ఈసారి నేనేం కలపలేదు."

నోరు జారాక గానీ ఆమెకి తెలియలేదు. పెద్ద కత్తెర తల్లి వంక అదోలా చూశాడు. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"వస్తాలే నాన్నా" అన్నాడు చిన్న కత్తెర.

సినిమా ఇంకా అవలేదు. ఎవరో ఎవరి మీదో పడి ఏడుస్తున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు.