పొట్టి చేతుల చొక్కా

బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఆ టైలరమ్మకు రెండు గర్వాలు. ఒకటి, తను కుట్టిన కాలరు ఏడాదంతా వేసినా తల వంచదు. రెండోది తన కూతురు మిరపకాయ. తొమ్మిదేళ్లది. అదీ వంచదు. దాని అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎవరూ వాడరు.

నెలల పిల్లగా ఉన్నప్పటి నుంచి మిరపకాయకు ఎగ్జిమా. మోచేతి మడతల్లో, మణికట్ల దగ్గర చర్మం ఎండిపోయి పగులుతుంది. గోకితే రక్తం, గోకకపోతే ప్రాణం తోడేసే దురద. "అంటుకుంటుందా?" అని అడగని మనిషి లేడు. అంటుకోదు మొర్రో అని చెప్పీ చెప్పీ తల్లి నోరు నొప్పెట్టింది. చివరికి విసుగెత్తి పొడుగు చేతుల చొక్కాలు కుట్టడం మొదలుపెట్టింది. అంచులు పైకి జారకుండా, కాలర్లలో వేసే బిరుసు కాన్వాసు వాటిలోనూ వేసింది. ఎంత ఆడినా ఆ అంచు మణికట్టు వదిలి పైకి కదలదు. పనితనమంటే ఇదీ అని తనలో తనే మురిసిపోయింది.

ఈసారి చర్మవ్యాధుల ఆసుపత్రిలో నర్సు ఆ అంచును వేళ్లతో నలిపి చూసింది.

"మోచేతులు తగ్గుతున్నాయి, మణికట్లు మాత్రం పుండైపోతున్నాయి. ఈ అట్టముక్క ఎవరు పెట్టారమ్మా ఇందులో?"



"మా అమ్మే," అంది మిరపకాయ. "చాలా బాగా కుడుతుంది."

"కుట్టు బాగానే ఉందిలే. కానీ చెమటంతా లోపలే ఉండిపోతోంది, ఇదేమో రోజంతా ఒరుసుకుంటోంది. మెత్తటి నూలుబట్టతో పొట్టి చేతులు కుట్టండి. స్నానం కాగానే, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే ఆయింట్‌మెంట్ రాయండి."

లోకం కళ్ల నుంచి కూతుర్ని కాపాడుతున్నాననుకుంది ఇన్నాళ్లూ. తీరా చూస్తే లోకం కంటే ఎక్కువగా దాన్ని గీరింది తన కుట్టే. టైలరమ్మ సిగ్గుతో చితికిపోయింది. ఆ వెంటనే తనమీద తనకే ఒళ్లు మండింది. ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా ఉన్న ఆరు చొక్కాల చేతులూ కత్తిరించి పారేసింది.

సోమవారం బడిలో క్లాసు ఫోటో. ఊడిన గుండీలు అక్కడికక్కడ కుట్టిపెట్టడానికి ఏటా టైలరమ్మనే పిలుస్తారు. సూదీ దారం పట్టుకుని, పొట్టి చేతుల కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లింది. గుమ్మంలోనే క్లాసు టీచరు అడ్డుపడింది.

"ఫోటో రోజున ఇదేంటమ్మా? ఆ పాత చొక్కా వెయ్యండి. లేదంటే పాపని వెనక వరుసలో నించోబెడతా. మిగతా పేరెంట్స్ అడుగుతున్నారు."

"ఏమని?"

"అదే... అంటుతుందేమోనని."

"మేడమ్, వాళ్ల పిల్లల ఒంటిమీదున్న చొక్కాలన్నీ నేను కుట్టినవే. వాటి గుండీలన్నీ ఇదిగో, ఇదే ఒక్కొక్కటీ నా చేతికందించింది. ఎవరికంటింది, చెప్పండి! తొమ్మిదేళ్లుగా పూటపూటా మందు రాస్తున్న చేతులివి, వీటిని చూడండి."

టీచరు చూసింది. సూదిపోట్లు తప్ప అక్కడేమీ లేవు. పక్కకు జరిగింది.

అందరికంటే పొట్టిది కాబట్టి మిరపకాయకు ముందు వరుసలో నడిమి కుర్చీ. ఫోటోగ్రాఫరు మంచివాడే, కెమెరా పక్కనుంచి తొంగిచూసి మెల్లగా అన్నాడు.

"పాపా, చేతులు వెనక్కి పెట్టుకోమ్మా. ఏం కనపడవు."

మిరపకాయ తల్లివైపు చూసింది. "పెట్టుకోవే తల్లీ" అన్న మాట టైలరమ్మ నాలిక చివరిదాకా వచ్చేసింది. ఇన్నేళ్ల అలవాటు మరి. పళ్లు బిగబట్టి ఆ మాట మింగేసి, గట్టిగా తల అడ్డంగా ఊపింది.

మిరపకాయ రెండు చేతులూ మోకాళ్లమీద బాహాటంగా పరుచుకుని కూర్చుంది.

"తీసెయ్యండంకుల్, దురద మొదలైతే నేనాగను."