మరమగ్గాలు ఆగిన పూట

తెలుగు నేతగాళ్లు స్థిరపడ్డ దాజీ పేట్‌లోని మరాఠీ బడిలో గోడకెక్కిన డిజిటల్ బోర్డును రూపాలి టీచర్ మొదటి రోజు నుంచే నమ్మలేదు. పాఠం దానంతటదే రికార్డవుతుందని శిక్షణకు వచ్చినాయన నవ్వుతూ చెప్పాడు. ఎవరు వింటారని అడిగితే మాత్రం మాట దాటేశాడు.

అప్పటి నుంచి ఆమె దానికి వీపు చూపించి, మరాఠీలోనే జాగ్రత్తగా పాఠం చెప్పేది. కరెంటు పోయి వీధిలో మరమగ్గాల చప్పుడు ఆగితేనే తెలుగులోకి దిగేది. ఇంట్లో తెలుగే మాట్లాడే ఆ పిల్లలకు లెక్కలు అప్పుడే ఎక్కేవి.

గురువారం మగ్గాలు ఒక్కసారిగా ఆగాయి.

"డబ్బా బందయింది. ఇగ ఇనుండ్రి," అంది రూపాలి. "రొట్టెను నాలుగు తున్కలు చేస్తే ఒక్క తున్క ఎంత? గిదే మన హెడ్‌మాస్టర్‌కు రాదు, బోర్డులు తెస్తడు."

ముందు బెంచీలోని మయూరి మెల్లగా అంది.

"మేడం, కరెంటు ఉంది. నర్సయ్య తాత సచ్చిపోయిండని గల్లీల మగ్గాలు ఆపిన్రు."

రూపాలి వెనక్కి తిరిగింది. బోర్డు మూలన రికార్డింగ్ ఎర్రచుక్క వెలుగుతోంది.

మర్నాడు హెడ్‌మాస్టర్ టిఫిన్ తెరిచి, జొన్నరొట్టెను నాలుగు ముక్కలు చేసి, ఒకటి ఆమె ముందు పెట్టాడు.

"ఇది ఎంతయితదో జర చెప్పున్రి, మేడం."